నైట్ సైట్లు (పిస్టల్)

చీకట్లోనూ కనిపించేలా తమంతట తామే వెలిగే పిస్టల్ సైట్లను నైట్ సైట్లు అంటారు. వెనుక సైటు గాడికి అటూ ఇటూ రెండు చుక్కలు, ముందు సైటులో ఒక చుక్క ఉంటాయి. మూడూ ఒకే వరుసలోకి వస్తే గురి కుదిరినట్టు. వీటికి బ్యాటరీ అక్కర్లేదు. వీటి చరిత్ర చాలావరకు వీటిలో వెలిగే పదార్థం చరిత్రే.

రేడియం కాలం

రేడియం రాకముందు రాత్రి వేటకు వెళ్లేవారు తుపాకీ గొట్టం కొసకు తెల్ల గుడ్డ చుట్టడం వంటి ఉపాయాలతో సరిపెట్టుకునేవారు. 1898లో మేరీ, పియర్ క్యూరీలు రేడియంను కనుగొన్నారు. దాన్ని జింక్ సల్ఫైడ్‌తో కలిపితే, ముందుగా ఎండ తగలకపోయినా మెరిసే రంగు తయారవుతుందని కొద్ది ఏళ్లలోనే తేలింది. 1914లో సాబిన్ వాన్ సొచాకీ, జార్జ్ విల్లిస్ అమెరికాలో రేడియం ల్యూమినస్ మెటీరియల్ కార్పొరేషన్‌ను స్థాపించారు. వారి రంగు పేరు ‘అన్‌డార్క్’. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో రేడియం రంగును గడియారాలు, విమానాల మీటర్లతో పాటు తుపాకీ సైట్లకూ వాడారు. 1921లో ఆ సంస్థ యునైటెడ్ స్టేట్స్ రేడియం కార్పొరేషన్‌గా మారింది.

న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్ పట్టణంలో ఆ సంస్థ నడిపిన ఫ్యాక్టరీలో అమ్మాయిలు కుంచె మొనను పెదవుల మధ్య సన్నం చేసుకుంటూ డయళ్లకు రంగు వేసేవారు. రేడియం వారి ఎముకల్లో పేరుకుంటోందని 1925లో వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ బయటపెట్టాడు. గ్రేస్ ఫ్రయర్, మరో నలుగురు వేసిన దావా 1928 జూన్‌లో రాజీతో ముగిసింది. ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏటా 600 డాలర్లు, వైద్య ఖర్చులు దక్కాయి. అదే ఏడాది వాన్ సొచాకీ కూడా రేడియేషన్ తెచ్చిన జబ్బుతోనే చనిపోయాడు.

ఈ రంగుకు ఇంకో లోపమూ ఉంది. రేడియం అర్ధాయువు 1,600 ఏళ్లు. దాని ఆల్ఫా కణాల తాకిడికి జింక్ సల్ఫైడ్ మాత్రం కొన్నేళ్లకే చెడిపోతుంది. వెలుగు ఆరిపోతుంది, ప్రమాదం ఉండిపోతుంది.

ట్రిటియం

రేడియం స్థానంలోకి వచ్చిన ట్రిటియం అనే వాయువును 1934లో కేంబ్రిడ్జిలో రూథర్‌ఫర్డ్, ఒలిఫాంట్, హార్టెక్ కనుగొన్నారు. దీని అర్ధాయువు 12.3 ఏళ్లు. ఇది వెలువరించే బీటా కణాలు చర్మాన్ని దాటి లోపలికి పోలేవు. లోపలి గోడకు, ఆ కణాలు తగిలితే వెలిగే ఫాస్ఫర్ పూసిన సన్నని గాజు గొట్టంలో ఈ వాయువును నింపి సీలు చేస్తారు. కుంచెతో గానీ చేతితో గానీ తాకే పని లేని ఈ చక్కని ఏర్పాటే నేటి నైట్ సైట్లకు ఆధారం. దక్షిణాఫ్రికా ఆర్మ్‌సన్ సైట్లను దిగుమతి చేసుకోవడానికి గ్లిన్ బిండన్ 1981లో అమెరికాలో పెట్టిన సంస్థ 1985లో ట్రిజికాన్ అయింది. ఇజ్రాయెల్‌లో మెప్రోలైట్ సంస్థ ఈ సైట్లకు పేరు పొందింది.

ఎంపిక

చీకటికి అలవాటుపడిన కంటికి ఆకుపచ్చ బాగా ఆనుతుంది కనుక ఆ రంగే ఎక్కువ. ముందు చుక్క ప్రకాశంగా ఉండి, వెనుకవి మసకగా గానీ వేరే రంగులో గానీ ఉంటే తికమక తగ్గుతుంది. పగటి పూట కనబడేందుకు ముందు చుక్క చుట్టూ తెలుపు లేదా నారింజ వలయం వేస్తారు. కొనేముందు తయారీ ఏడాది చూడాలి. పన్నెండేళ్లు దాటితే వెలుగు సగానికి పడిపోతుంది.

బిగింపు

మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే స్లైడ్‌ను విప్పాలి. వెనుక సైటు స్లైడ్ మీది గాడిలో బిగుతుగా కూర్చుంటుంది. దాన్ని సైట్ పుషర్ అనే మరతో మెల్లగా నెడతారు. సుత్తి దెబ్బకు లోపలి గాజు పగలొచ్చు. గ్లాక్ పిస్టల్‌లో ముందు సైటును స్లైడ్ లోపలి నుంచి చిన్న స్క్రూతో బిగించి, అది వదులు కాకుండా జిగురు చుక్క వేస్తారు.

తూటా ఎటు తగలాలో వెనుక సైటును అటు జరపాలి. ముందు సైటు ఎత్తు పెరిగితే తూటా కిందికి పోతుంది. రెండు సైట్ల మధ్య 165 మిల్లీమీటర్లున్న పిస్టల్, 25 మీటర్ల దూరంలో 5 సెంటీమీటర్లు తప్పుతుంటే సర్దవలసింది 0.33 మిల్లీమీటరే. ఈ పని తుపాకీ మెకానిక్‌కు అప్పగించడమే మేలు.

ఇటీవల బ్యాటరీతో పనిచేసే రెడ్ డాట్ సైట్లు పెరిగాయి. వాటిలాగే నైట్ సైటు కూడా పిస్టల్ ఎటు చూస్తోందో చెబుతుందే తప్ప ఎదుట ఉన్నదెవరో చెప్పదు. దానికి టార్చి ఉండాల్సిందే.