నజ్రాన్: నేరం ఎవరిది, శిక్ష ఎవరికి?

సౌదీ అరేబియా నైరుతి కొసన, యెమెన్ సరిహద్దును ఆనుకొని ఉన్న ఒయాసిస్ పట్టణం నజ్రాన్. 2015 అక్టోబరు 26న అక్కడి అల్-మష్‌హద్ మసీదులో సాయంకాలపు నమాజు వేళ ఒక వ్యక్తి ఆత్మాహుతి దాడి జరిపాడు. ఆ మసీదు షియాలలో ఒక శాఖ అయిన ఇస్మాయిలీలది. దాడి తమ పనేనని ఇస్లామిక్ స్టేట్ ‘హిజాజ్ విలాయత్’ పేరిట ప్రకటించుకొంది. దీనిని షియాలపై సున్నీల ఆగ్రహంగా చదవటం తేలిక. కాని అదే పేరు పెట్టుకొన్న ముఠా అంతకు రెండున్నర నెలల ముందు, ఆగస్టు 6న, అబ్హాలో రాజ్యపు భద్రతాదళాల మసీదులోనే పదిహేను మందిని చంపింది. సున్నీ రాజ్యాన్ని కాపాడే సిబ్బందిని చంపినవారు సున్నీలందరి ప్రతినిధులెలా అవుతారు?

నేరం చేసినవారిని వదలి వారి జాతిని, లేదా మతాన్ని పట్టుకోవటం నజ్రాన్‌కు కొత్త కాదు. క్రీ.శ. 523లో హిమ్యర్ రాజు యూసుఫ్ (అరబ్బు చరిత్రలలో ‘ధూ నువాస్’), యూదుమతం స్వీకరించినవాడు, ఈ పట్టణపు క్రైస్తవులను సంహరింపజేశాడు. ఎర్రసముద్రం ఆవలి అక్సుమ్ క్రైస్తవ రాజ్యంతో అతనికి వైరం. ఆ వైరంలో నజ్రాన్ క్రైస్తవులంతా శత్రుపక్షమే అయ్యారు. వారి పెద్ద అల్-హారిస్‌ను తూర్పు చర్చిలు ఈనాటికీ అమరుడిగా స్మరిస్తాయి. నజ్రాన్‌కు ఉత్తరాన హిమా రాళ్ళ మీద రాజుగారి సేనాని చెక్కించిన శాసనాలున్నాయి. నజ్రాన్‌ను దిగ్బంధించేందుకు నిలిచి ఉండగా వాటిని చెక్కించాడు. చంపినవారినీ, చెరపట్టినవారినీ, పశువులనూ ఒకే వరుసలో లెక్కపెట్టుకొన్నాడు. (2021లో యునెస్కో హిమాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.) 525 ప్రాంతంలో అక్సుమ్ రాజు కాలేబ్ దండెత్తి వచ్చి యూసుఫ్‌ను ఓడించాడు. ఈసారి కత్తి యూదులవైపు తిరిగింది.

ఖురాన్‌లోని ‘అల్-బురూజ్’ సూరాలో వచ్చే ‘కందకం వారి’ ప్రస్తావన ఈ ఘటననే సూచిస్తుందని ఎక్కువమంది వ్యాఖ్యాతల అభిప్రాయం. గమనించవలసినది ఒకటుంది. ఆ సూరా హంతకులను చేసిన పనితోనే గుర్తుపడుతుంది. వారి మతం పేరు, జాతి పేరు అందులో లేవు.

ఆధునిక రాజ్యం ఆ పాటి జాగ్రత్త చూపలేదు. 2000 ఏప్రిల్‌లో ఒక ఇస్మాయిలీ మతగురువును మంత్రవిద్య ఆరోపణపై అరెస్టు చేశారు. నిరసనకారులకూ పోలీసులకూ కాల్పులు జరిగాయి. ఆ తరువాత వందలాది మందిని నిర్బంధించారు. ఎంతోమంది ఇస్మాయిలీ ప్రభుత్వోద్యోగులను దూరప్రాంతాలకు బదిలీ చేశారు. గుమికూడినవారెవరో, ఇంట్లో ఉన్నవారెవరో విడదీసి చూసే ఓపిక పాలకులకు లేకపోయింది. 2008లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఈ సంగతులపై ఒక నివేదిక ప్రచురించింది. 2015లో మసీదుపై పడిన బాంబును ఖండించిన రాజ్యం ఇదే. ఇస్మాయిలీలను మతభ్రష్టులని బోధించిన పండితులు ఆ రాజ్యపు సంస్థలలో ఉండినవారే. బాంబును ఒకడు మోశాడు. బోధ చేసినవారు వేరే. రెండో సంగతి చెప్పటం సున్నీలను నిందించటం కాదు. పేరు పెట్టి బాధ్యులను చూపటం.

నజ్రాన్ ఇస్మాయిలీలది సులైమానీ శాఖ. వారి మతపీఠం మక్రమీ వంశం చేతిలో అక్కడే ఉంది. ఈ శాఖ మనకు అంత దూరపుదేమీ కాదు. 1937 నుంచి 1941 వరకు నిజాం సంస్థానానికి ప్రధానమంత్రిగా ఉన్న సర్ అక్బర్ హైదరీ సులైమానీ బోహ్రా కుటుంబంలోనివాడే. హైదరాబాదు ఆయనను ఉస్మానియా విశ్వవిద్యాలయ నిర్మాతలలో ఒకరిగా, అజంతా గుహల సంరక్షణకు పాటుపడినవానిగా తలచుకొంటుంది. ఆయన ఏ శాఖవాడో నాకు తెలిసింది నజ్రాన్ గురించి చదువుతుండగానే.