ఉబ్బసం, ఊపిరి సాధన: ఒక చారిత్రక పరిశీలన

తెలుగువారు ఉబ్బసమని పిలిచే వ్యాధిని ఆయుర్వేదం ‘తమక శ్వాసం’ అన్నది. అయిదు రకాల శ్వాస రోగాలను వివరించిన చరక సంహిత, తమక శ్వాసంతో బాధపడేవారికి పడుకుంటే ఆయాసం ఎక్కువవుతుందనీ, లేచి కూర్చుంటే కొంత సుఖంగా ఉంటుందనీ, మబ్బు పట్టినప్పుడు, చల్లగాలి వీచినప్పుడు బాధ ముదురుతుందనీ చెప్పింది. ఆ గ్రంథం ఈ రోగాన్ని ‘యాప్యం’గా, అంటే పూర్తిగా నయం కాకున్నా మందుతో, పథ్యంతో అదుపులో ఉంచదగినదిగా లెక్కించి, స్వేదనం, వమనం, ఔషధ ధూమం వంటి చికిత్సలను సూచించింది.

ఊపిరిని నియమించే ప్రాణాయామం ప్రధానంగా యోగ గ్రంథాలలో పెరిగిన విద్య. 15వ శతాబ్దానికి చెందినదిగా భావించే స్వాత్మారాముని హఠయోగ ప్రదీపిక, సింహాన్ని, ఏనుగును, పులిని మెల్లమెల్లగా మచ్చిక చేసినట్లే ప్రాణవాయువును వశం చేసుకోవాలనీ, క్రమం తప్పిన సాధన వల్ల ఎక్కిళ్లు, దగ్గు, ఉబ్బసం పుడతాయనీ హెచ్చరించింది. ప్రాణాయామాన్ని అంతగా కీర్తించిన గ్రంథమే దాని ప్రమాదాన్ని కూడా దాచకుండా చెప్పడం గమనార్హం.

యోగ సాధనల ఫలితాన్ని ప్రయోగశాలలో కొలిచే ప్రయత్నానికి స్వామి కువలయానంద 1924లో లోనావలాలో స్థాపించిన కైవల్యధామ బలమైన పునాది వేసింది. 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆర్. నాగరత్న, హెచ్.ఆర్. నాగేంద్ర ప్రచురించిన అధ్యయనంలో, శ్వాస వ్యాయామాలు, ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం నేర్చుకొని రోజూ 65 నిమిషాలు సాధన చేయవలసిందిగా సూచన పొందిన 53 మంది ఉబ్బస రోగులను, మామూలు మందులు మాత్రమే వాడిన మరో 53 మందితో పోల్చి చూడగా, మొదటి బృందంలో ఉబ్బసపు దాడులు, మందుల అవసరం ఎక్కువగా తగ్గినట్లు తేలింది. 1990లో లాన్సెట్ పత్రికలో వెలువడిన మరో పరిశోధన, పీల్చినంత సేపటికి రెట్టింపు సేపు ఊపిరి వదిలేలా చేసే ఒక చిన్న పరికరాన్ని 18 మందిపై పరీక్షించి, వారి శ్వాసనాళాలు హిస్టమిన్ అనే ఉద్దీపన ద్రవ్యాన్ని మునుపటికన్నా ఎక్కువ మోతాదులో తట్టుకోగలిగాయని చూపింది.

ఈ అధ్యయనాలు చిన్నవే అయినా వాటి దిశ స్పష్టం. నిదానమైన శ్వాస ఆయాసాన్ని, దానితో వచ్చే గాభరాను తగ్గించగలదు కాని, శ్వాసనాళాల వాపును అదుపు చేసే ఇన్‌హేలర్ మందుకు బదులు కాజాలదు. అందువల్ల ఉబ్బసం ఉన్నవారు మందు మానకుండా, వైద్యుని సలహాతో, తెలిసినవారి పర్యవేక్షణలో మాత్రమే ఈ సాధనను చేపట్టాలి.