సర్పగంధ: పేరు పాముది, పని రక్తపోటుది

బిహార్ పల్లెల్లో ఈ వేరును ‘పాగల్ కీ దవా’ అని అమ్మేవారు. మతి తప్పి కేకలు పెట్టేవాళ్లకీ, రాత్రిళ్లు కన్ను మూతపడని వాళ్లకీ ఇచ్చేవారు. నిద్రపోకుండా అల్లరి చేసే పసిపిల్లలకు పట్టే అలవాటు కూడా ఉండేది. ఇవాళ తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

మొక్కను చూస్తే అంత సత్తా ఉన్నదని అనిపించదు. మోకాలెత్తు పెరుగుతుంది. కణుపుకు మూడేసి ఆకులు, ఎర్రటి కాడల మీద తెల్లటి పూలగుత్తి, పండితే నలుపు తిరిగే కాయలు. హిమాలయ పాదాల నుంచి పడమటి కనుమల దాకా తేమ అడవుల్లో, చెట్ల నీడన ఉంటుంది. మన తూర్పు కనుమల్లోనూ ఉంది. తెలుగులో పాతాళగంధి అంటారు. గన్నేరు, బిళ్ళగన్నేరులది ఇదే కుటుంబం. అసలు సరుకంతా వేరులో, అందులోనూ వేరు బెరడులో దాగి ఉంటుంది. చేదు విషం.

పాముతో పోరుకు దిగే ముందు ముంగిస ఈ మొక్కను నమిలి వస్తుందని కథ. 1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఓర్తా గ్రంథంలోనే పాముకాటుకు వాడే వేర్ల ముచ్చట ఉంది. కథ ఎంత పాతదైనా పాము విషానికి ఈ వేరు విరుగుడు కాదు. ఇక శాస్త్రీయనామం సంగతి మరీ విడ్డూరం. రావుల్ఫియా అన్నది 16వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు లియోన్‌హార్డ్ రావుల్ఫ్ పేరు మీద వచ్చింది. ఆయన సిరియా, ఇరాక్ ప్రాంతాలు తిరిగాడు గానీ మన దేశంలో అడుగే పెట్టలేదు.

అసలు చరిత్ర 1931లో, రెండు ఊళ్లలో ఒకేసారి మొదలైంది.

ఒకటి ఢిల్లీ. హకీం అజ్మల్ ఖాన్ నెలకొల్పిన ఆయుర్వేద, యునానీ తిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ అనే రసాయన శాస్త్రవేత్త పనిచేసేవారు. జర్మనీలో చదువుకుని వచ్చిన ఆయనను దేశీ మందుల మీద పరిశోధనకు పురమాయించింది అజ్మల్ ఖానే. రఫత్ హుసేన్ సిద్దిఖీతో కలిసి ఆయన ఈ వేరులోంచి కొన్ని ఆల్కలాయిడ్లను వేరుచేసి, ఒకదానికి అప్పటికే కన్నుమూసిన హకీం గారి పేరు కలిసేలా ‘అజ్మలీన్’ అని పెట్టారు. (వేపనూనెలోంచి నింబిన్‌ను తీసిందీ ఈ సిద్దిఖీ గారే. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లిపోయారు.)

రెండోది కలకత్తా. అక్కడ గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఇదే వేరు పొడిని రోగులకు ఇచ్చి చూసి, ఉన్మాదానికీ అధిక రక్తపోటుకూ కొత్త భారతీయ ఔషధం దొరికిందని ప్రకటించారు. మోతాదు 20 నుంచి 30 గ్రెయిన్లు, అంటే ఇంచుమించు 1.3 నుంచి 1.9 గ్రాములు. రెండేళ్లకు కలకత్తా ఉష్ణమండల వైద్య సంస్థలో రామ్‌నాథ్ చోప్రా బృందం జంతువుల మీద పరీక్షించి, రక్తపోటు తగ్గే మాట నిజమేనని తేల్చింది. అయినా పడమటి దేశాల్లో ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకునేలా చేసింది బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జల్ వకీల్. 50 మంది రోగులకు ఈ మందు ఇచ్చి, ఫలితాలను 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించారు. బీపీకి చెప్పుకోదగ్గ మందే లేని రోజులవి. బోస్టన్‌లో రాబర్ట్ విల్కిన్స్ తన రోగుల మీద వాడి చూశాడు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు వేరులోని ముఖ్య పదార్థాన్ని పట్టుకుని ‘రెసర్పిన్’ అన్నారు. 1954లో న్యూయార్క్ రాష్ట్రంలో నేథన్ క్లైన్ దాన్ని మానసిక రోగులకు వాడాడు. బిహార్ పల్లెలు ముందే చెప్పిన సంగతినే అమెరికా ఆసుపత్రి ఒప్పుకుంది. 1957లో వకీల్‌కు, క్లైన్‌కు అమెరికా వారి లాస్కర్ పురస్కారం దక్కింది.

ఈ జేజేల మధ్యే, 1954లో, ఎడ్వర్డ్ ఫ్రీస్ అనే అమెరికా వైద్యుడు ఒక హెచ్చరిక చేశాడు. ఎక్కువ మోతాదులో, చాలాకాలం రెసర్పిన్ వాడిన బీపీ రోగుల్లో కొందరు తీవ్రమైన దిగులులో కూరుకుపోతున్నారని. తర్వాత మరికొందరు వైద్యులూ అదే చెప్పారు. బతుకు మీద ఆశ పోయి ప్రాణం తీసుకోబోయిన వాళ్లూ ఉన్నారు.

కారణం త్వరలోనే బయటపడింది. నాడీకణాలు సెరటోనిన్, డోపమిన్, నార్‌ఎడ్రినలిన్ అనే పదార్థాలను చిన్న చిన్న తిత్తుల్లో దాచుకుంటాయి. రెసర్పిన్ ఆ దాచుకునే ఏర్పాటునే మూసేస్తుంది. నిల్వ ఖాళీ అవుతుంది. రక్తనాళాలను బిగించే సంకేతం తగ్గితే బీపీ దిగుతుంది. అదే ఖాళీ మెదడులో ఏర్పడితే మత్తు, దిగులు, పార్కిన్సన్ జబ్బును పోలిన వణుకు, బిగుతు వస్తాయి. మేలు చేసే దారీ, కీడు చేసే దారీ వేరువేరు కావు. మందు ఆపినా నిల్వలు మళ్లీ నిండడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ రెసర్పిన్ ఇచ్చి కుందేళ్లను కదలకుండా చేసి, మెదడులో డోపమిన్‌గా మారే ఎల్‌డోపా ఇచ్చి లేపాడు. పార్కిన్సన్ చికిత్సకు దారి అక్కడ పడింది, 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది.

మరి ఫ్రీస్ ఈ మందును వదిలేశాడా? లేదు. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఆయన నాయకత్వంలో జరిగి 1967లో వెలువడిన అధ్యయనం, బాగా పెరిగిన బీపీని మందులతో అదుపు చేస్తే ప్రాణాలు నిలుస్తాయని నిరూపించింది. అందులో వాడిన మూడు మందుల్లో రెసర్పిన్ ఒకటి, కాకపోతే చాలా తక్కువ మోతాదులో. నాకు ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యంగా తోచేది ఇదే. ప్రమాదం చెప్పినవాడే ప్రయోజనమూ చూపించాడు. తేడా తూకంలో ఉంది.

తర్వాత మెరుగైన మందులు రావడంతో రెసర్పిన్ వెనకబడింది. మన దేశంలో ఇది కలిసిన అడెల్ఫేన్ మాత్ర పాతతరం బీపీ రోగులకు గుర్తుండే ఉంటుంది. రొమ్ము క్యాన్సర్‌కు కారణమవుతుందేమోనని 1974లో అనుమానం రేగింది గానీ, తర్వాతి అధ్యయనాలు దాన్ని బలపరచలేదు. అజ్మలీన్ మాత్రం వేరే దారిలో బతికింది. బ్రుగాడా అనే వంశపారంపర్య గుండె లయ జబ్బును బయటపెట్టే పరీక్షలో దాన్ని నేటికీ వాడతారు.

‘ఆకే కదా, వేరే కదా, ఏమవుతుంది’ అనేవారికి లెక్క చెప్పాలి. రెసర్పిన్ మాత్రలు 0.1, 0.25 మిల్లీగ్రాముల్లో వచ్చేవి. ఒక్క గ్రాము వేరు పొడిలో ఈ తరహా పదార్థాలు మిల్లీగ్రాముకు అటూఇటూగా ఉండవచ్చు. అదీ నేలను బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. చెంచాతో కొలిచే వస్తువు కాదిది. పైగా బజారులో సర్పగంధ వేరు పేరిట దాని జాతిదే మరో మొక్క, అమెరికా ఖండం నుంచి వచ్చి మన దగ్గర కలుపులా పెరిగేది, కలిసి రావడం ఉంది. అడవి సరుకు అరుదైపోవడం ఒక కారణం. వేరు కోసం మొక్కను పెరికేయాల్సిందే కాబట్టి వనాలు ఖాళీ అయ్యాయి. 1990 నుంచి అంతర్జాతీయ వ్యాపారంపై సైటీస్ ఒప్పందం నియంత్రణ ఉంది.

దిగులు జబ్బు ఉన్నవారు, ఒకప్పుడు వచ్చి తగ్గినవారు, కడుపులో పుండు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి పోకూడదు. ఇప్పటికే బీపీ, గుండె లేదా మానసిక జబ్బుల మందులు వాడుతున్నవారు సొంతంగా కలిపి వేసుకోకూడదు. ముక్కు దిబ్బడ, మితిమీరిన మగత, నాడి నెమ్మదించడం, కారణం లేని ఏడుపు కనిపిస్తే అది మందు పనే కావచ్చు. మూలికల మాత్రలు వాడుతున్న సంగతి చాలామంది డాక్టరుకు చెప్పరు, అడిగితే తప్ప. సర్పగంధ ఉన్న మాత్ర ఏది వాడుతున్నా, ముఖ్యంగా ఆపరేషన్‌కు ముందు, అడగకపోయినా చెప్పండి. ఇక పాము కరిస్తే ఏ వేరూ నూరొద్దు, యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్లండి.