రాగి ఇల్లు – రవ్వల ఇల్లు

మా అమ్మమ్మ ప్రాణంలా చూసుకునే వస్తువులు రెండుండేవి. ఒకటి, నీళ్ళు కాచుకునే రాగి కాగు. రెండోది, పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ మాత్రమే పెట్టెలోంచి తీసి పెట్టుకునే రవ్వల బేసరి. కాగును రోజూ చింతపండేసి తోమేది. బేసరిని ఏడాదికి నాలుగుసార్లు మించి తీసేది కాదు. “రాగి రోజూ అక్కరకొస్తుందే, రవ్వ కష్టకాలంలో అక్కరకొస్తుంది” అనేది.

ఆఫ్రికా చరిత్ర చదువుతూంటే ఆ మాట గుర్తొచ్చింది నాకు. అక్కడ పక్కపక్కనే రెండు దేశాలున్నాయి. ఒకదానికి భూమాత రాగినిచ్చింది. అది జాంబియా. రెండోదానికి వజ్రాలనిచ్చింది. అది బోట్స్వానా. ఈ రెంటికీ మధ్య సరిహద్దు ఎంతో తెలుసా? కజుంగులా అనే చోట జాంబెజీ నది మీద కొన్ని వందల గజాలు మాత్రమే! ఇద్దరి పాలకులూ ఇంగ్లీషువాళ్ళే. ఇద్దరికీ స్వాతంత్ర్యం రెండేళ్ళ తేడాతో వచ్చింది. జాంబియాకు 1964 అక్టోబరు 24న, బోట్స్వానాకు 1966 సెప్టెంబరు 30న. మరి ఒకే ఈడు పిల్లల్లాంటి ఈ రెండిళ్ళ బతుకులూ ఒక్కలా సాగాయా అంటే, లేదు.

ముందు ఎవరి ఇల్లు బాగుండేదో చెప్పమంటే, ఎవరైనా జాంబియా వైపే వేలు చూపించేవారు. అక్కడ కిట్వే, ఎన్డోలా పట్టణాల చుట్టూ రాగి గనులు. ఎగుమతుల్లో నూటికి తొంభై పాళ్ళకు పైగా రాగే. రైలు మార్గముంది, జాంబెజీ మీద కరీబా ఆనకట్ట ఉంది. సగటు రాబడి చూస్తే పొరుగింటికి రెండు మూడు రెట్లు.

మరి పొరుగిల్లో? దేశంలో చాలా భాగం కలహారి ఎడారి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి వరసగా కరువు. పశువులు వేలకు వేలు చచ్చిపోయాయి. దేశం మొత్తానికి తారు రోడ్డు 12 కిలోమీటర్లు. పట్టభద్రులు పాతిక మంది లోపే. అన్నిటికన్నా విడ్డూరం, రాజధాని ఆ దేశంలోనే లేదు! దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్‌లో కూర్చుని పరిపాలించేవారు. స్వాతంత్ర్యం ఖాయమయ్యాక హడావిడిగా గాబరోన్ అనే ఊరు కట్టుకున్నారు.

ఇంతటి పేదింటికి పెద్దయినవాడు సెరెత్సే ఖామా. ఆయన కథ ఏ నవలకూ తీసిపోదు. బమాంగ్వాటో తెగకు కాబోయే రాజు. లా చదవడానికి లండన్ వెళ్ళి, అక్కడ రూత్ విలియమ్స్ అనే గుమాస్తా పిల్లను ప్రేమించి, 1948లో పెళ్ళి చేసుకున్నాడు. నల్లవాడికి తెల్ల భార్య! అటు పినతండ్రి గగ్గోలు పెట్టాడు. ఇటు జాతి విచక్షణే ధర్మంగా నడిచే దక్షిణాఫ్రికా సర్కారు కన్నెర్ర చేసింది. ఆ సర్కారుకు కోపం వస్తుందని బ్రిటిషు ప్రభుత్వం ఆయన్ని లండన్ పిలిపించి తిరిగి సొంత దేశం వెళ్ళనివ్వలేదు. చివరికి రాచరికం వదులుకుంటానని చెప్పి, 1956లో మామూలు మనిషిగా భార్యాబిడ్డలతో ఇల్లు చేరాడు. పదేళ్ళు తిరిగేసరికి ఆ మామూలు మనిషే దేశాధ్యక్షుడు. తెగవాళ్ళు మాత్రం ఎప్పుడో ఒప్పేసుకున్నారు. 1949లోనే పెద్ద సభ చేసి, “మా రాజు నువ్వే, నీ భార్యే మా రాణి” అని తేల్చేశారు.

ఇటు జాంబియా పెద్ద కెన్నెత్ కౌండా బడిపంతులు. చేతిలో ఎప్పుడూ తెల్ల రుమాలు. గాంధీగారంటే వల్లమాలిన భక్తి. మనవాళ్ళకు బాగా తెలిసినవాడే. 1970లో లుసాకాలో అలీన దేశాల మహాసభ జరిపితే మన ఇందిరాగాంధీ వెళ్ళి వచ్చారు. జవహర్‌లాల్ నెహ్రూ అవార్డు కూడా మన దేశం ఆయనకిచ్చింది.

ఇక కథ మలుపు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు, 1967లో, బోట్స్వానాలో ఒరాపా దగ్గర వజ్రాలు బయటపడ్డాయి. ఆ భూములు ఖామా సొంత తెగవి. “మాకు దొరికింది మాదే” అని తెగ పట్టుబడితే ఏమయ్యేది? అన్నదమ్ముల మధ్య గోడలు లేచేవి. కానీ ఆ ఏడే చట్టం చేసి, భూమిలోపలి ఖనిజాలన్నీ దేశానివే అన్నారు. ముందుగా తన తెగచేతనే హక్కు వదిలింపించాడు ఖామా. ఉమ్మడి కుటుంబంలో పుట్టి పెరిగినవాళ్ళకు తెలుస్తుంది, ఆ ఒక్క మాట ఎన్ని కొంపలు నిలబెడుతుందో!

1971లో ఒరాపా గని, 1982లో జ్వానెంగ్ గని మొదలయ్యాయి. డి బీర్స్ కంపెనీతో బేరమాడి చెరిసగం వాటా రాబట్టారు. వచ్చిన డబ్బుతో రోడ్లు వేశారు, బళ్ళు కట్టారు, ఊరూరా మంచినీళ్ళూ ఆరోగ్య కేంద్రాలూ పెట్టారు. ఖర్చుపోగా మిగిలింది దాచారు. 1994లో ఆ దాపుడు సొమ్ముకు పులా నిధి అని పేరు పెట్టారు. పులా అంటే వాన. కరువు నేల మీది వాళ్ళకు వానకన్నా మించిన దీవెన ఏముంది? వాళ్ళ రూపాయి పేరు కూడా పులానే. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడమంటే ఇదే.

జాంబియా డబ్బు పేరు క్వాచా. అంటే తెల్లవారిందని అర్థం. పాపం, ఆ తెల్లవారడం ఎంతోసేపు నిలవలేదు. 1969లో గనుల్లో సగం పైచిలుకు వాటా ప్రభుత్వం తీసుకుంది. బళ్ళు, ఆస్పత్రులు ఉచితం. పట్నాల్లో మొక్కజొన్న పిండి చవగ్గా అమ్మేవారు. ఆ పిండితో వండే న్షీమా మన సంకటిలాంటిది, వాళ్ళకు రెండు పూటలా అదే భోజనం. ఇంతలో 1974 తర్వాత లోకమంతటా రాగి ధర పడిపోయింది. ఖర్చు తగ్గించుకోలేక అప్పులు చేశారు. అప్పులిచ్చినవాళ్ళు పిండి రాయితీ తీసేయమన్నారు. 1986 డిసెంబరులో మేలురకం పిండి ధర రెట్టింపు దాటింది. గని పట్టణాల్లో జనం వీధికెక్కారు. అల్లర్లలో పలువురు చనిపోయారు. పెంచిన ధర మళ్ళీ దించారు. పొయ్యి మీద ఎసరు పెట్టి పిండి కోసం ఎదురుచూసే ఇల్లాలికి లెక్కలు చెప్పి ఒప్పించగలరా ఎవరైనా?

ఇక్కడికొచ్చాక నేనూ మీలాగే, “ఓహో, ఇదన్నమాట. ఒకింట్లో పొదుపరి, ఇంకో ఇంట్లో దుబారా మనిషి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి” అని తేల్చేసి పుస్తకం మూయబోయాను. కానీ ఇరుగింటి సంసారం మీద తీర్పు చెప్పేముందు నాలుగు గోడల లోపల ఏం జరిగిందో చూడాలి కదా!

మొదటిది, తినే నోళ్ళు. స్వాతంత్ర్యం నాడు బోట్స్వానా జనాభా అయిదారు లక్షలు, జాంబియాది ముప్పయి లక్షల పైమాట. రెండోది, ఆస్తి చేతికొచ్చిన తీరు. బోట్స్వానా వజ్రాలు తెల్లవాడు వెళ్ళాక దొరికాయి. జాంబియా రాగిని మాత్రం అంతకు ముందు నలభై ఏళ్ళుగా తవ్వుకుపోతూనే ఉన్నారు. గనుల మీది రాయల్టీ స్వాతంత్ర్యం ముందు రోజుదాకా ఒక బ్రిటిషు కంపెనీకే పోయేది. అంత సంపద గల దేశంలో నల్లజాతి పట్టభద్రులు వంద చిల్లర మంది! మూడోది, సంత. వజ్రాలమ్మే కంపెనీ గిరాకీ తగ్గితే సరుకు బయటికి వదలక ధర నిలబెట్టేది. రాగి ధర లండన్ బజారులో రోజుకో తీరు.

నాలుగోది పొరుగు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. చుట్టుపక్కల రొడీషియా, దక్షిణాఫ్రికా, పోర్చుగీసు వలసల్లో నల్లవాళ్ళు పోరాడుతూంటే, కౌండా వాళ్ళందరికీ తలుపు తెరిచాడు. దక్షిణాఫ్రికా జాతీయ కాంగ్రెసు ప్రవాస కార్యాలయం లుసాకాలోనే ఉండేది. 1973లో రొడీషియా సరిహద్దు మూసింది. మళ్ళీ తెరుస్తామన్నా కౌండా ఒప్పుకోలేదు, 1978 దాకా మూసే ఉంచాడు. సముద్రం లేని దేశం, రాగి బయటికి పోవాలంటే దారేది? చైనా అప్పుతో టాంజానియా రేవుకు 1,860 కిలోమీటర్ల రైలు మార్గం వేసుకున్నారు. అది 1975లో పూర్తయ్యింది. సరిగ్గా అప్పుడే రాగి ధర కూలింది. బోట్స్వానా కూడా శరణన్నవాళ్ళను కాదనలేదు. 1985లో గాబరోన్ మీద దక్షిణాఫ్రికా సైన్యం దాడి చేసి 12 మందిని చంపింది కూడా. కానీ వాళ్ళ సరుకూ తిండిగింజలూ దక్షిణాఫ్రికా మీదుగానే రావాలి, అందుచేత ఆచితూచి నడిచారు. పొరుగువాడి కష్టానికి గంజిలో నీళ్ళు పోసినవాణ్ణి దుబారా మనిషి అనడానికి నోరు రాదు.

ఆశ కూడా రెండిళ్ళలోనూ ఒక్కటే. జాంబియా విశ్వవిద్యాలయం 1966లో మొదలైంది. డబ్బు లేని రైతులు దానికి గింజలూ పశువులూ చందా ఇచ్చారు. పదేళ్ళకు బోట్స్వానాలో “మనిషికో పశువు” అని పిలుపిస్తే, ఊళ్ళవాళ్ళు ఆవుల్నీ ఎద్దుల్నీ తోలుకొచ్చి తమ విశ్వవిద్యాలయం కట్టుకున్నారు.

తర్వాత రెండిళ్ళ మీదా ఒకే పిడుగు పడింది. ఎయిడ్స్. కౌండా 1987లో లోకం ముందు నిలబడి, తన కొడుకు ఈ జబ్బుతోనే పోయాడని చెప్పాడు. పరువు కోసం నోరు నొక్కుకునే రోజుల్లో ఎంత గుండె నిబ్బరం! డబ్బున్న బోట్స్వానాను కూడా డబ్బు కాపాడలేదు. 2000 ప్రాంతంలో అక్కడ పెద్దవాళ్ళలో ప్రతి నలుగురిలో ఒకరికి పైగా ఆ క్రిమి సోకింది. అయితే దాచుకున్న రవ్వ కష్టకాలంలో అక్కరకొచ్చింది. 2002లో మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. తల్లినుంచి బిడ్డకు జబ్బు రాకుండా చేసినందుకు 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళను మెచ్చుకుంది.

అలాగని రవ్వల ఇంట్లో అన్నీ సవ్యంగా ఉన్నాయనుకోకండి. ధనికుడికీ పేదకూ మధ్య అగాధం ప్రపంచంలోకెల్లా పెద్దవాటిల్లో ఒకటి. ఎడారిలో తరతరాలుగా బతికిన సాన్ ప్రజలను వాళ్ళ నేల నుంచి పంపించేస్తే, అది తప్పని 2006లో కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇంకో సంగతి. విదేశీయుణ్ణి పెళ్ళాడిన బోట్స్వానా స్త్రీ బిడ్డలకు పౌరసత్వం రాదట. మగవాడైతే వస్తుందట. రూత్ అడుగుపెట్టిన దేశంలోనే ఈ చట్టం! యూనిటీ డౌ అనే లాయరమ్మ దావా వేసి 1992లో పైకోర్టులో కూడా గెలిచింది. తర్వాత ఆ దేశంలో తొలి మహిళా హైకోర్టు న్యాయమూర్తి అయ్యింది.

ఇంటి పెద్దను మార్చడంలో మాత్రం జాంబియాదే పైచేయి. ఇరవయ్యేడేళ్ళు ఏలిన కౌండా 1991 ఎన్నికల్లో ఓడి, గొడవ చేయకుండా గద్దె దిగాడు. 2011లోనూ 2021లోనూ ఓట్లతోనే ప్రభుత్వాలు మారాయి. బోట్స్వానాలో ఒకే పార్టీ 58 ఏళ్ళు పాలించి, 2024లో ఓడింది.

ఇప్పుడు సగటు రాబడి లెక్క తిరగబడింది. బోట్స్వానాది జాంబియాకు సుమారు అయిదు రెట్లు. 2020లో జాంబియా అప్పు వాయిదా కట్టలేక చేతులెత్తేసింది. 2024 కరువుకు జలాశయాలు అడుగంటి కరెంటు లేక అల్లాడింది. అయినా 2022 నుంచి హైస్కూలు చదువు కూడా ఫీజు లేకుండా చెబుతోంది. ఇటు ప్రయోగశాలల్లో తయారయ్యే వజ్రాలొచ్చి బోట్స్వానా రవ్వల బేరం దెబ్బతింది. అటు కరెంటు కార్లకూ తీగలకూ రాగి కావాలని లోకమంతా ఎగబడుతోంది. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి.

మా అమ్మమ్మ మాటకు నేనిప్పుడు ఇంకో ముక్క చేర్చుకున్నాను. రాగీ రవ్వా కాదు ముఖ్యం. వచ్చింది అందరిదీ అనుకున్నారా, చెయ్యి జారేముందు పిల్లల చదువుకూ మందుకూ మార్చుకున్నారా అన్నదే ముఖ్యం. దానికి తోడు కాస్త కాలం కలిసి రావాలి. అది రానివాళ్ళను చులకన చేయకూడదు.

కజుంగులా దగ్గర ఇదివరకు పడవ మీదే నది దాటాలి. లారీలు రోజుల తరబడి ఒడ్డున పడుండేవి. 2021 మే నెలలో రెండు దేశాలూ కలిసి అక్కడ 923 మీటర్ల వంతెన తెరిచాయి. పక్కనున్న జింబాబ్వే హద్దు తగలకుండా దాన్ని వంపు తిప్పి కట్టారు. ఇప్పుడు రాగి లారీలు రవ్వల ఇంటి గుమ్మం ముందుగా రేవుకు పోతున్నాయి. ఇరుగుపొరుగు అన్నాక మధ్యన ఒక దారి ఉండాలి కదా!