గురిదుర్భిణియు యానాది చూపును

ఎడ్గార్ థర్స్‌టన్ దొర దక్షిణ హిందూదేశపు కులములను గూర్చి 1909లో వెలువరించిన గ్రంథపు 7వ సంపుటమున మన యానాదులను గూర్చిన భాగ మొకటి కలదు. పాములు, ఎలుకలు, తేనె, మూలికలు మొదలగు ప్రసంగము లెల్లరు నెరిగినవే. వాని నడుమ నొక చిన్న వేటకథ యున్నది. దుప్పులకై అడవి తోలిరట, ఒక్కటియు లేవలేదట. అంతట తోలవచ్చిన యానాదులు పుల్లలను రాళ్లను గుట్టగా పేర్చి, ఏమియు రాలేదను భావముగల పాట పాడుచు, అడుగు క్రమముగా వడి చేయుచు దాని చుట్టు ఆడిరి. మరల నెదురుదిక్కుగా తిరిగి యాడిరి. పిదప అడవి తోలగా మగదుప్పి యొకటి నిజముగనే యెదుటికి వచ్చెను. వచ్చినదానిపై గురి తప్పిపోయెను!

మృగమును లేపి తెచ్చుట యానాది పని, కాల్చుట మరియొకరి పని యని లోకులు తలచుట కద్దు. ఈ కథ చదివినవారు నవ్వుకొని, ఆ తలంపుతోనే పుట త్రిప్పుదురు. కాని యా భాగముననే మరియొక వాక్యము కలదు. యానాదులు అడవిలో భయ మెరుగని వేటగాండ్రనియు, ఆయుధముల చట్టము క్రింద లైసెన్సులు గలవారనియు, మంచి గురికాండ్రగుటచే పులులను, చిరుతలను, ముళ్లపందులను పడగొట్టుదురనియు దాని భావము. 1878 నాటి ఆ చట్టము ఈ దేశీయులకు లైసెన్సు లేనిదే తుపాకి యుండరాదని కట్టడి చేసినది. అట్టి కాలమున యానాది చేతికి లైసెన్సు వచ్చుట స్వల్పవిషయము కాదని మా యభిప్రాయము.

నాటి తుపాకులకు సాధారణముగా నుండినది ఇనుప గురియే. కంటిదగ్గర నొక గంటు, గొట్టపు చివర నొక ముల్లు, ఆవల మృగము. ఈ మూటిని ఒక్క చూపున నిలుపుట కంటికి కష్టము. వయసు మీరినకొలది మరింత కష్టము. గురిదుర్భిణి ఈ చిక్కును తీర్చినది. గురిగీతయు మృగమును ఒకే తలమున కనబడును. 1840లనాటికే అమెరికాలో తుపాకిపై పొడవైన దుర్భిణి నమర్చుచుండిరి. 1880లో ఆస్ట్రియాలో ఆగస్టు ఫీడ్లరను అడవి యుద్యోగి వేటకు పనికివచ్చు దుర్భిణిని సిద్ధపరచెను. పూత లేని అద్దపు ముఖ మొక్కొక్కటి వెలుగులో నూటికి 4 పాళ్లు తిప్పికొట్టును. దుర్భిణిలో నట్టి ముఖము లనేకములుండును. 1935లో జైస్ కర్మాగారమున స్మకులా పండితుడు కనిపెట్టిన పలుచని పూత ఈ నష్టమును చాల తగ్గించెను.

అయినను మన యడవులలో ఇనుప గురియే చాలకాలము నిలిచెను. తిరుపతి దిక్కున చామల లోయలో పులిని వేటాడిన కెన్నెత్ ఆండర్సన్ .405 వించెస్టరు తుపాకికి బిగించుకొనినది టార్చిదీపము, దుర్భిణి కాదు. కారణము స్పష్టమే. పులికాటు చెరువునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోట తుప్పలలోగాని, పడమట వెలికొండ లోయలలోగాని మృగము మైలు దూరమున నిలువదు. 30, 40 గజములలో తటాలున లేచును. 10 రెట్లు పెంచు దుర్భిణిలో 30 గజముల వద్ద గజము వెడల్పు మాత్రమే కనబడును. అనగా చర్మము కనబడును. అది తలయో తొడయో తెలియదు. 4 రెట్లదానిలో మూడు గజములు కనబడును. తుప్పకు 1 నుండి 4 రెట్ల వరకే చాలు. అద్దము వెడల్పును రెట్లచే భాగించిన కంటికి చేరు వెలుగుకట్ట కొలత వచ్చును. 32 మిల్లీమీటర్ల అద్దమునకు 4 రెట్లైన 8. 40కి 10 రెట్లైన 4 మాత్రమే. మునిమాపున యువకుని కంటిపాప 7 మిల్లీమీటర్ల దాక విచ్చును గనుక రెండవది చీకటినే చూపును. .375 వంటి పెద్ద తుపాకి వెనుకకు తన్నును. కంటికిని దుర్భిణికిని నడుమ మూడున్నర అంగుళములకు తక్కువ యెడమున్నచో కనుబొమ పగులుట నిశ్చయము. ఇక మన సముద్రపు చెమ్మ గాలి! గొట్టములో నత్రజని నింపి బిగించు పద్ధతి 1940ల యంతమున వచ్చువరకు, అద్దము లోపల ఆవిరి పట్టుట వేటగాండ్రకు నిత్యదుఃఖము.

ఎంత మంచి దుర్భిణియైనను ఎదుటనున్నదానినే పెంచును గాని పొదచాటున నున్నదానిని చూపదు. విరిగిన గడ్డిపరక నిన్నటిదో నేటిదో చెప్పదు. గాయపడి పొదలో దూరిన చిరుత యే వైపు తిరిగి పండుకొన్నదో చెప్పదు. దుర్భిణి కొనినవారు దాని వెల చెప్పుకొందురు. జాడ చూపినవాని పేరు మాత్రము వ్రాయరు. థర్స్‌టన్ దొర కథలోను ఆడిన యానాదుల పేరొక్కటియు లేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఈ వేట ముగిసినది. అది ముగియుటకు మేము చింతింపము. శ్రీహరికోటలో 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్టు లేచినది. నాడు యానాదులు జాడలు వెదకిన దీవి నుండి నేడు యంత్రములు ఆకాశమున జాడలు వెదకుచున్నవి. మా విన్నప మొక్కటే. మీ యిండ్లలో తాతలనాటి తుపాకి లైసెన్సు కాగితములు చూరులోనో పెట్టెలోనో యున్నచో చెదలపాలు గానీయక సంఘము వారికి చూపుడు. వానిపై పేర్లుండును.