ముక్కనుమ నాటి మద్రాసు

కనుమనాడు కాకి కూడా కదలదంటారు ఒంగోలు దగ్గర సముద్రం ఒడ్డునున్న మా కొత్తపట్నంలో. ఆ రోజు ఊరు దాటితే పెద్దవాళ్లు ఊరుకోరు. మర్నాడు మనకు ముక్కనుమ, అరవవాళ్లకు కాణుం పొంగల్. ఆ రోజు మద్రాసులో ఇంటిపట్టున ఉండేవాళ్లు తక్కువ. పులిహోర మూటగట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని జనం జూకీ, మ్యూజియానికీ, మెరీనాకీ ఎగబడతారు. మావాళ్లలో కాస్త జరుగుబాటున్నవాళ్లు భోగికి ముందే మద్రాసు చుట్టాలింటికి చేరుకునేది ఈ ఒక్కరోజు కోసమే. 1953 దాకా మన రాజధాని అదే కదా.

రైలు రాకముందు మాకు దారి బకింగ్‌హాం కాలువ. ఇప్పటికీ ఒంగోలు పోయే రోడ్డుకు అడ్డంగానే ఉంది. 1877–78 కరువులో ఆకలికి పనికొచ్చిన జనం చేత తవ్వించి, ముక్కలుగా ఉన్న పాత కాలువల్ని కలిపి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. పెద్దగంజాం దగ్గర కృష్ణా కాలువలు అందుకోవడంతో కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవ నడిచింది. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గడ, అదీ సాగకపోతే గట్టున నడుస్తూ తాడేసి లాగడం. లాకు దగ్గర నీటి మట్టం సమానమయ్యేదాకా పడిగాపులు. ఉప్పు బస్తాల మీద పడుకుని వెళ్లామని మా ముత్తాత చెప్పేవాడట. 1899లో బెజవాడ–మద్రాసు రైలు నడిచాక మనుషులు అటు మళ్లారు, ఉప్పూ కట్టెలూ మాత్రం కాలువలోనే పోయేవి.

మా నాయనమ్మ పుట్టింటివాళ్లది తంగసాల వీధి. ఆవిడ లెక్కలో మద్రాసంటే రెండు కాలేజీలు: బతికిన కాలేజీ, చచ్చిన కాలేజీ. మొదటిది సెంట్రల్ స్టేషను పక్కన పీపుల్స్ పార్కులోని జూ, రెండోది ఎగ్మూరు మ్యూజియం. ఆ పీపుల్స్ పార్కులోనే 1886 డిసెంబరు 31న, తిరనాళ్ల సందడిలో మంటలు లేచి వందలమంది పోయారు. అయినా జనం రావడం మానలేదు. రాత్రయితే హైకోర్టు గుమ్మటం మీద దీపం. 1977 దాకా ఓడలకు దారి చూపింది అదే. మెరీనా మాత్రం మావాళ్లకు ఆనలేదు. సముద్రం చూడ్డానికి రైలు చార్జీ దండగని మా తాత సణిగేవాడట.

చచ్చిన కాలేజీలో మావాళ్లు కదలకుండా నిలబడిపోయేది తిమింగలం ఎముకల గూడు ముందు. సముద్రం ఒడ్డు ఊరు కదా, తలకాయ కోస్తే ఎన్ని గంపలవుతుంది, ఎండబెట్టడానికి ఎన్ని బస్తాల ఉప్పు పడుతుంది అని వాదులాడుకునేవాళ్లట. ఆ మ్యూజియంలోనే అమరావతి బౌద్ధస్తూపపు పాలరాళ్లు ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే తెల్లదొర తవ్వించి మద్రాసుకు పంపినవి. చాలా భాగం 1859లో లండన్ వెళ్లిపోగా మిగిలినవీ, ఆ తర్వాత దొరికినవీ. అవి మన గుంటూరు సీమవని చెప్పినవాళ్లు లేరు. చెప్పినా తిమింగలాన్ని వదిలి వచ్చేవాళ్లు కారేమో!

1953 అక్టోబరు 1న రాజధాని కర్నూలయింది. ముఖ్యమంత్రి మా వైపు మనిషే, ప్రకాశం పంతులు. కచేరీలు గుడారాల్లో, చూడ్డానికి కొండారెడ్డి బురుజు. మూడేళ్లకు అదీ పోయి హైదరాబాదొచ్చింది. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం బాగానే ఉంటాయి గానీ, పండక్కి పోయి దిగడానికి చుట్టాలేరీ?

1985లో మద్రాసు జూని వండలూరులో తెరిచారు. ఆ ఏడే పాత జూ పక్కనున్న మూర్ మార్కెట్టు కాలిపోయింది. పాలరాళ్లు ఎగ్మూరులోనే ఉన్నాయి. చూడాలనుకుంటే ముక్కనుమనాడు తప్ప ఎప్పుడైనా వెళ్లండి. ఆ రోజు తిమింగలం దగ్గర రద్దీ తప్పించుకుని అక్కడిదాకా చేరడం కష్టం.