ఎలుగు వేటకు గుండు ఎంపిక: కలకత్తా చరిత్రలో ఒక అధ్యాయము

కలకత్తాకు ఉత్తరముననున్న దమ్‌దమ్, నేడు విమానాశ్రయము వలన అందఱికిని తెలిసిన ఊరు. కాని విమానములు పుట్టక పూర్వమే ఆ పేరు ఒక తుపాకి గుండునకు పేరై దేశదేశములకు ప్రాకినది. ఆ గుండు యుద్ధము కొఱకు పుట్టినదే యైనను, దాని వెనుకనున్న ప్రశ్న మాత్రము వేటగాండ్రది: ఎంత బోరు తుపాకితో, ఎట్టి మొనగల గుండుతో కొట్టినచో జంతువు గాయముతో పాఱిపోక అక్కడికక్కడే కూలును? ఈ ప్రశ్నకు కలకత్తాలో నూఱేండ్లకు పైగా సమాధానములు వెదకిరి. ఆ సమాధానములను నిర్ణయించుటలో జంతువు స్వభావముకంటె ప్రభుత్వపు భయమే తఱచు ముందు నిలిచినది.

ఎలుగుబంటి విషయములో ఈ ప్రశ్న మిక్కిలి చిక్కైనది. వంగదేశపు పడమటి అంచున పురూలియా ప్రాంతపు అడవులలోను, మన విశాఖ, శ్రీకాకుళము మన్యములలోను తిరుగు నల్లని ఎలుగు ఒకే జాతికి చెందినది. జాంబవంతుని కులమని మనవారు గౌరవించు నీ జంతువునకు చెదలు, తేనె, రేగుపండ్లు, ఇప్పపూలు ఆహారము. ఎదిగిన మగది 80 మొదలు 145 కిలోగ్రాముల వఱకు తూగును. పులికంటె తేలికయే. కాని ఒడలినిండ వ్రేలాడు పొడవైన వెండ్రుకలు దానిని ఉన్నదానికంటె లావుగ చూపును. చీకటివేళ ఇప్పచెట్టు క్రింద గుఱిపెట్టినవాడు పెక్కుసార్లు వెండ్రుకలను కాల్చి మాంసమును వదలును. ఱొమ్ముపై నున్న తెల్లని వంకీ గుర్తు కనబడినప్పుడే గుఱి నిలుచును. చూపు మందమగుటచే అది మనిషి దగ్గఱకు వచ్చువఱకు గుర్తింపదు. గుర్తించినంతనే ముఖము మీదికి లంఘించును. గాయపడి పొదలో దూరిన ఎలుగు మఱునాడు ఎదురగునది వేటగానికి కాదు. తెల్లవాఱుజామున ఇప్పపూలు ఏరుకొనవచ్చిన పేదరాలికి. కావున గుండు ఎంపిక దొరల విలాసపు చర్చ మాత్రమే కాదు.

పందొమ్మిదవ శతాబ్దమున కలకత్తాలో మాంటన్, రాడ్డా మొదలగు కంపెనీలు తుపాకులు అమ్ముచుండెను. ఆ కాలమున ఎక్స్‌ప్రెస్ రైఫిలు అనునది ప్రసిద్ధికెక్కినది. మందు హెచ్చుగా దట్టించి, మొనలో బోలుగానున్న తేలిక సీసపు గుండును మిక్కిలి వేగముతో పంపుట దాని మర్మము. జింకకు అది చాలును. కాని కండబలము గల జంతువు భుజపుటెముకపై తగిలినచో ఆ బోలు గుండు పైననే చిట్లి, లోతునకు దిగకపోవు ప్రమాదము కలదు. సర్ శామ్యూల్ బేకరు 1890లో ప్రకటించిన గ్రంథమున ఈ బోలు గుండ్లను తీవ్రముగా ఖండించి, .577 బోరులో గట్టి సీసపు గుండునే మెచ్చుకొనెను.

ఇంతలో సైన్యమునకు .303 రైఫిలు వచ్చినది. బోరు తగ్గినది, 215 గ్రెయినుల గుండునకు గట్టి లోహపు తొడుగు వచ్చినది. 1895 నాటి చిత్రాల్ దండయాత్రలో ఈ గుండు శత్రువు శరీరమున సన్నని రంధ్రము చేసి ఆవలికి పోవుచున్నదేగాని అతనిని నిలుపుట లేదని సైనికులు మొఱపెట్టిరి. దమ్‌దమ్ కర్మాగారాధికారి కెప్టెన్ బర్టీ క్లే తొడుగును మొన దగ్గఱ కొంచెము తొలగించి సీసమును బయలుపఱచెను. తగిలినప్పుడు ఆ మొన పుట్టగొడుగువలె విచ్చుకొనును. 1897లో తీరా యుద్ధమున దీనిని వాడిరి. 1899 జూలై 29న హేగ్ నగరమున జరిగిన ప్రకటన అట్టి గుండ్లను యుద్ధములో నిషేధించెను. దమ్‌దమ్‌నకు తూటాల వలన అపకీర్తి వచ్చుట అది మొదటిసారి కాదు. 1857 జనవరిలో కొవ్వు పూసిన తూటాల వదంతి పుట్టినదియు అచ్చటనే.

ఇచ్చట ఒక వైపరీత్యము గమనింపదగును. యుద్ధమున క్రూరమని నిషేధింపబడిన మెత్తని మొన, వేటలో దయగా ఎంచబడినది. తొడుగు పూర్తిగానున్న గుండు ఎలుగును త్వరగా చంపదు. రోజుల తరబడి చిత్రవధ చేయును. రెండు చోట్లను నీతి ఒక్కటే, అనవసరమైన బాధ కూడదనుట. గుండు మాత్రము రెండు వైపులకు తిరిగినది.

బోరు సంగతి చట్టము తేల్చినది. వాయవ్య సరిహద్దు తెగలవారి పాత మార్టిని హెన్రీ తుపాకులకు తూటాలు దొఱకునన్న భయముతో 1907లో ప్రభుత్వము .450 బోరు రైఫిళ్ల దిగుమతిని ఆపివేసెను. తయారీదారులు వెంటనే .465, .470 మున్నగు క్రొత్త బోరులను సృష్టించిరి. ఏనుగుల కొఱకు, పులుల కొఱకు పుట్టిన ఆ భారీ తుపాకులు ఎలుగునకు అవసరమునకు మించినవి. 1914 ఆగస్టు 26న రాడ్డా కంపెనీ సరుకులో నుండి 50 మౌజరు పిస్తోళ్లు, 46,000 తూటాలు విప్లవకారుల చేతికి చిక్కిన పిమ్మట ఆ భయము మఱింత హెచ్చినది. సైన్యపు .303 తూటా పౌరులకు అందరానిదైనది. ఆ లోటు తీర్చుటకు సైన్యము వాడని .315 బోరు ప్రచారములోనికి వచ్చెను. స్వాతంత్ర్యానంతరము ఈ రైఫిలును 1904లో నెలకొన్న ఇచ్ఛాపురపు రైఫిలు కర్మాగారమే తయారుచేసెను. (ఇది హుగ్లీ తీరపు ఇచ్ఛాపురము, మన శ్రీకాకుళపు ఇచ్ఛాపురము కాదు.) దాని గుండు 244 గ్రెయినులు, మధ్యమ వేగము, మెత్తని మొన. ఎలుగును ఎవరును దృష్టిలో నుంచుకొనకపోయినను, దగ్గఱి దూరమున ఎలుగునకు సరిపోవు గుండు చట్టపు చాటున ఈ విధముగా తయారైనది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, తరువాతి సవరణలు ఎలుగు వేటకు స్వస్తి చెప్పినవి. నేడు అడవిశాఖవారి చేతిలోనిది మత్తుసూది తుపాకి. అయినను పాత చిక్కు తొలగలేదు. మందు మోతాదు జంతువు బరువును బట్టి నిర్ణయింపవలెను. ఆ బరువును దూరము నుండి కంటితోనే అంచనా వేయవలెను. సూది ఆ జూలును దాటి కండలో దిగవలెను. 2022 జూన్‌లో శ్రీకాకుళము జిల్లా వజ్రపుకొత్తూరు మండలమున ఒక మనిషిని చంపి పలువురిని గాయపఱచిన ఎలుగును మత్తుసూదితో పట్టిరి. విశాఖపట్టణపు జంతు ప్రదర్శనశాలకు తరలించు దారిలోనే అది మరణించెను.